మూకుడు ముచ్చట్లు: కొవ్వు లెక్కలోకి రాని నూనె ఉందా?

(పీణ్యాలో ఒక వంటనూనెల కర్మాగారం ప్రయోగశాలలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరైన మా శీర్షిక రచయిత్రి, బెంగళూరు పాఠకుల ప్రశ్నలకు ఇచ్చిన జవాబులు.)

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ వాళ్లకు జంతికలు, చేగోడీలు, కారప్పూస చేసి అమ్ముతుంటాను. కొనేవాళ్లలో చక్కెర జబ్బు ఉన్నవాళ్లు, బరువు తగ్గాలనుకునేవాళ్లు ఎక్కువయ్యారు. అమెరికాలో ఒకప్పుడు కొవ్వు లేని చిప్స్ వచ్చాయని, వాటిని ఒలెస్ట్రా అనే నూనెలో వేయించేవారని అక్కడుండే మా ఆడపడుచు చెప్పింది. అలాంటిది తెప్పించి, మామూలు నూనెలో సగానికి సగం కలిపి వేయిస్తే ‘సగం కొవ్వు జంతికలు’ అని అమ్ముకోవచ్చా?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: మీ ఆడపడుచు చెప్పింది నిజమే. సగానికి సగం అన్న మీ లెక్క కూడా కాగితం మీద తప్పు కాదు. అయినా ఆ ఆలోచన మానుకోండి. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. వంటనూనెల చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ ఇది. జవాబు పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

వేరుసెనగ నూనె అయినా, నెయ్యి అయినా, వనస్పతి అయినా లోపలి నిర్మాణం ఒకటే. గ్లిజరాల్ అనే చిన్న అణువుకు మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కుని ఉంటాయి. పేగులోని లైపేజ్ అనే ఎంజైము వాటిని కత్తిరిస్తుంది, ముక్కలు ఒంట్లోకి చేరతాయి, గ్రాముకు 9 క్యాలరీలు మన లెక్కలో పడతాయి. 1968లో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీ పరిశోధకులు, నెలలు నిండకుండా పుట్టిన పసిపిల్లలకు తేలిగ్గా అరిగే కొవ్వు కోసం వెతుకుతూ, అసలు అరగని కొవ్వును తయారుచేసి కూర్చున్నారు. గ్లిజరాల్ స్థానంలో మనం కాఫీలో వేసుకునే చక్కెర అణువును పెట్టి, దానికి ఆరు నుంచి ఎనిమిది దాకా కొవ్వు ఆమ్లాలు తగిలించారు. అంత గుంపులో లైపేజ్ కత్తెర ఆడడానికి చోటు దొరకదు. తిన్నది తిన్నట్టే బయటికి పోతుంది. ఒలెస్ట్రా అంటే అదే. చక్కెర పేరు విని మీ దగ్గర కొనేవాళ్లు కంగారు పడనక్కర్లేదు. దానికి తీపి లేదు, అరగదు కాబట్టి అందులోని చక్కెర రక్తంలోకీ రాదు. నూనెలాగే కాగుతుంది, నూనెలాగే కరకరలాడేట్టు వేయిస్తుంది, నాలుకకు తేడా పెద్దగా తెలియదు.

మొదట దీన్ని కొలెస్ట్రాల్ తగ్గించే మందుగా తేవాలని చూశారు, కుదరలేదు. తరువాత ఆహారంలో వాడడానికి 1987లో దరఖాస్తు పెట్టారు. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1996 జనవరిలో అనుమతించింది, అదీ చిప్స్, క్రాకర్ల వంటి ఉప్పు చిరుతిళ్లకు మాత్రమే. 1998లో ఫ్రిటో లే కంపెనీ ‘వావ్’ పేరుతో ఈ చిప్స్‌ను దేశమంతా దించింది. 28 గ్రాముల మామూలు చిప్స్‌లో సుమారు 150 క్యాలరీలు ఉంటే, వీటిలో అందులో సగం. జనం ఎగబడ్డారు.

ప్యాకెట్ వెనక మాత్రం ఒక హెచ్చరిక ఉండేది: కడుపులో నొప్పి, విరేచనాలు కావచ్చు, కొన్ని విటమిన్లు ఒంటికి పట్టకపోవచ్చు అని. చిరుతిండి ప్యాకెట్ మీద విరేచనాల ప్రస్తావన చదివి కూడా ఎవరైనా కొంటారా అనిపిస్తుంది కదా, కొన్నారు. కొన్నాళ్లకు సరదా తీరి అమ్మకాలు పడిపోయాయి. తరువాతి పరీక్షల్లో భయపడినంత ఇబ్బంది కనబడలేదని 2003లో ఆ హెచ్చరిక తీసేయనిచ్చారు. మరుసటి ఏడు ‘వావ్’ పేరు కూడా తీసేసి ‘లైట్’ అని పెట్టారు. పొరుగునే ఉన్న కెనడా మాత్రం 2000లోనే దీన్ని వద్దు పొమ్మంది.

ఇక మీరు అడిగిన మిశ్రమం సంగతి. ఒలెస్ట్రా పలచగా ఉంటే పేగులో మిగతా వాటి నుంచి విడిపోయి జారిపోతుంది, తిన్నవాళ్ల బట్టలు పాడవుతాయి. ఇంతకంటే మర్యాదగా చెప్పడం నా వల్ల కాదు. ఒంటి వేడి దగ్గర కాస్త గట్టిగా ఉండేట్టు తయారుచేస్తే ఆ బాధ తగ్గుతుంది, కానీ మరీ గట్టిదైతే నోట్లో మైనం పూసినట్టు ఉంటుంది. ఈ రెండింటి మధ్య సరైన చోటు వెతకడానికే ఆ కంపెనీ ఏళ్ల తరబడి తంటాలు పడింది. అందులో మామూలు నూనె కలిపితే మైనం తత్వం తగ్గుతుంది, కలిపినంత మేరా క్యాలరీలు తిరిగి వస్తాయి. జంతిక పీల్చుకునే కొవ్వు బరువు మాత్రం తగ్గదు. అందులో సగం అరగదు, అంతే.

విటమిన్ల మాట ఇంకా ఉంది. ఎ, డి, ఇ, కె విటమిన్లు కొవ్వులో కరిగేవి. అరగని కొవ్వు కడుపులో ఉంటే అవి అందులో కరిగి దానితోపాటే పోతాయి. అందుకే ఒలెస్ట్రా చిప్స్‌లో ఆ నాలుగింటినీ విడిగా కలపాలని షరతు పెట్టారు. మలబద్ధకానికి డాక్టర్లు రాసే లిక్విడ్ పారాఫిన్ కూడా ఒంటికి పట్టని నూనే. దాన్ని ఎక్కువ కాలం తాగితే వచ్చే చిక్కుల్లో ఇదొకటి. ఎంత ఒలెస్ట్రాకు ఏ విటమిన్ ఎంత కలపాలో తూచడం వంటింటి త్రాసుతో అయ్యే పని కాదు.

వీటన్నిటికంటే ముఖ్యమైనది మీ ఖాతాదారుల జబ్బు. ఆ చిప్స్‌లో కొవ్వు లెక్కలోంచి పోయాక కూడా 70 పైచిలుకు క్యాలరీలు మిగిలాయంటే అవి బంగాళాదుంపవి. మీ జంతికల్లో బియ్యప్పిండి ఎక్కడికి పోతుంది? చక్కెర జబ్బు మనిషికి ముందు చూసుకోవాల్సింది ఆ పిండిని. ‘సగం కొవ్వు’ అని రాస్తే ఆయన రెండు తినేచోట నాలుగు తింటాడు, పిండి రెట్టింపవుతుంది. పైగా అమ్మే తిండిలో ఏ పదార్థం కలపాలన్నా మన దేశపు ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అనుమతించినదై ఉండాలి, ప్యాకెట్ మీద రాసే మాటలకూ కొలతలున్నాయి. ‘తక్కువ కొవ్వు’ అని రాయాలంటే 100 గ్రాముల్లో కొవ్వు 3 గ్రాములు మించకూడదు. నూనెలో వేగిన జంతిక దానికి చాలా రెట్లు పైన ఉంటుంది.

చిన్న ప్యాకెట్లు కట్టండి. వేయించిన తేదీ, వాడిన నూనె పేరు రాయండి. నేనైతే ఆ రెండు వివరాలు ఉన్న ప్యాకెట్‌నే కొంటాను.

ప్రశ్న: ఐస్‌క్రీముల్లో, సలాడ్ సాసుల్లో కొవ్వు బదులు పాల ప్రోటీన్, మాల్టోడెక్స్‌ట్రిన్ వాడతారని చదివాను. వాటితో వేపుడు చేయవచ్చా?
– ఒక ఇంజనీరు, ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: చేయలేరు. అవి కొవ్వులా కాగవు, కొవ్వులా నోటికి అనిపిస్తాయి. ప్రోటీన్‌ను అతి సన్నని గుండ్రటి రేణువులుగా చేసి, లేదా పిండి పదార్థానికి నీళ్లు పట్టించి, నాలుక మీద నూనె జారుడు తెప్పిస్తారు. అమెరికాలో 1990లో అనుమతి వచ్చిన సింప్లెస్ ఇలాంటిదే, ఐస్‌క్రీముకు బాగా పనికొచ్చింది. మూకుట్లో పోసి పొయ్యి మీద పెడితే అందులోని నీరు ఆవిరై, ప్రోటీన్ గడ్డకట్టి అడుగంటుతుంది. నీళ్లున్నది ఏదైనా వంద డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, వేయించడానికి 170, 180 కావాలి.

ప్రశ్న: గుండె డాక్టరు నూనె తగ్గించమన్నారు. మా అబ్బాయి రెండు నూనెలు కలిపిన ‘బ్లెండెడ్’ ప్యాకెట్ తెచ్చాడు, పైన గుండె బొమ్మ, ‘కొలెస్ట్రాల్ లేదు’ అన్న మాట ఉన్నాయి. అందులో కొవ్వు తక్కువ కనుక పూరీలు తినవచ్చంటాడు. నిజమేనా?
– రిటైరైన తెలుగు ఉపాధ్యాయుడు, మల్లేశ్వరం

జవాబు: మాస్టారూ, నూనె తగ్గించమన్న డాక్టరు గారి మాటను మీ అబ్బాయి నూనె మార్చమన్నారని విన్నట్టున్నాడు. ఆ ప్యాకెట్‌లో ఉన్నది నూటికి నూరు పాళ్లు కొవ్వే. ఏ రెండు నూనెలు ఏ పాళ్లలో కలిపినా గ్రాముకు 9 క్యాలరీలే. పైన మారతహళ్లి పాఠకురాలు అడిగిన ఒలెస్ట్రా మిశ్రమానికీ దీనికీ సంబంధం లేదు. ఇక్కడ కలిపిన రెండూ చక్కగా అరిగేవే.

మన చట్టం ప్రకారం బ్లెండెడ్ నూనెలో రెండు నూనెలుంటాయి, ఏదీ నూటికి 20 పాళ్లకు తగ్గకూడదు, ఏది ఎంత ఉందో ప్యాకెట్ మీద రాయాలి, విడిగా డబ్బాలోంచి కొలిచి అమ్మకూడదు. కలపడానికి మంచి కారణాలే ఉన్నాయి. పొద్దుతిరుగుడు నూనెలో లినోలెయిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం ఎక్కువ, అది వేడికి త్వరగా చెడుతుంది. తవుడు నూనె వేడికి ఇంకొంచెం నిలుస్తుంది, అందులో నూనెను త్వరగా చెడనివ్వని ఒరైజనాల్ అనే సహజ పదార్థం ఉంటుంది. రెండూ కలిస్తే కొవ్వు ఆమ్లాల పాళ్లు సర్దుకుంటాయి. వాడండి, తప్పులేదు. కానీ అది కొవ్వు తగ్గించే ఉపాయం కాదు. ‘కొలెస్ట్రాల్ లేదు’ అన్నది ఏ మొక్క నూనె మీదైనా రాసుకోదగ్గ మాట. కొలెస్ట్రాల్ నెయ్యి, మాంసం, గుడ్ల వంటి జంతు సంబంధమైన వాటిలో ఉంటుంది. ఉప్పు ప్యాకెట్ మీద ‘చక్కెర లేదు’ అని ఇంకా ఎవరూ రాయలేదు, సంతోషం.

ఒక చిన్న లెక్క చేసుకోండి. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు. మీరిద్దరే ఉండి నెలకు ఒక లీటరు వాడుతున్నారంటే మనిషికి రోజుకు 15 గ్రాములు. రెండు లీటర్లయితే 30. ఈ అంకె కాగితం మీద రాసుకుని డాక్టరు గారికి చూపించండి, పూరీల మాట ఆయన్నే అడగండి. బయట తిన్న వడల నూనె ఈ లెక్కలోకి రాదు, అది కూడా ఆయనకు చెప్పడం మరవకండి.

ప్రశ్న: అమ్మా, మాది మదనపల్లె దగ్గర పల్లె. బనశంకరిలో బజ్జీల బండి పెట్టుకున్నాను. ఒక ఏజెంటు వచ్చి, పామాయిల్‌లో వనస్పతి, ఇంకేదో కలిపిన మిశ్రమం డబ్బా తక్కువ ధరకు ఇస్తానని, వారం రోజులు కాగబెట్టినా నల్లబడదని అంటున్నాడు. డబ్బా మీద పేరు లేదు. తీసుకోవచ్చా?
– ఒక బండి యజమాని

జవాబు: తీసుకోకండి నాయనా. డబ్బా మీద పేరు లేదన్న ఒక్క మాట చాలు. ఇప్పుడే మాస్టారికి చెప్పాను, కలిపిన నూనె విడిగా అమ్మడమే నేరం. ‘ఇంకేదో’ ఏమిటో అతనికే తెలియకపోతే, రేపు అధికారి వచ్చి నమూనా పట్టుకెళితే చిక్కుల్లో పడేది మీరు.

పామాయిల్‌ను మాత్రం నేను తిట్టను. అందులో సంతృప్త కొవ్వు ఎక్కువ, రోజూ తినేవాళ్లకు అది మంచిది కాదు, నిజమే. వేడికి తట్టుకోవడంలో మాత్రం పొద్దుతిరుగుడు కంటే గట్టిది. వనస్పతి వేరు. నూనెకు హైడ్రోజన్ పట్టించి గట్టిపరిచేటప్పుడు ట్రాన్స్ కొవ్వులు పుడతాయి, గుండెకు వాటికంటే చెడ్డ కొవ్వు లేదు. అందుకే మన దేశంలో నూనెల్లో, కొవ్వుల్లో వాటి హద్దును 2021లో నూటికి 3 పాళ్లకు, 2022 జనవరి నుంచి 2 పాళ్లకు దించారు. పేరు లేని డబ్బాలో ఆ హద్దు ఎవరు చూశారు?

నల్లబడదన్న మాటకు కూడా మోసపోకండి. నూనె రంగుకు, దాని ఆరోగ్యానికి సూటి సంబంధం లేదు. సెనగపిండి, పసుపు, కారం రాలి మంచి నూనె కూడా నల్లబడుతుంది. తెల్లగా కనిపించేది లోపల చెడి ఉండవచ్చు. చెడిందని చెప్పే కొలత పోలార్ పదార్థాలు. కాగిన కొద్దీ నూనె విరిగి, గాలితో కలిసి, ఒకదానికొకటి అతుక్కుని ఇవి పెరుగుతాయి. నూటికి 25 పాళ్లు దాటితే ఆ నూనె వంటకు పనికిరాదని 2018 జులై 1 నుంచి నిబంధన. అధికారుల దగ్గర వేడి నూనెలో ముంచి చూసే చిన్న మీటరు ఉంటుంది. మీకు మీటరు అక్కర్లేదు, కళ్లూ ముక్కూ చాలు. బజ్జీ వేయకముందే పొగ లేస్తున్నా, నురగ లేచి అణగకపోయినా, గరిటె మీద జిగటగా సాగుతున్నా, కమురు వాసన వస్తున్నా ఆ నూనె పని అయిపోయింది. అందులో కొత్త నూనె పోసి బతికించాలనుకుంటే కొత్తది కూడా దానితోపాటు త్వరగా చెడుతుంది.

నూనె ఎక్కువ రోజులు రావాలంటే మిశ్రమాలు కాదు, కొన్ని పద్ధతులు కావాలి. బేరం లేనప్పుడు మంట తగ్గించండి. సాయంత్రం ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా మూకుడు ఊరికే మరగడమే నూనెను ఎక్కువగా చంపుతుంది. రాలిన పిండి పలుకులను ప్రతి వాయికీ తీసేయండి, అవి మాడి నూనెను చెడగొడతాయి. ఉప్పు, మసాలా మూకుడు మీద చల్లకండి, పక్కకు తీసి చల్లండి. మిరపకాయలు కడిగాక తుడవండి, నీరు నూనెను విరగ్గొడుతుంది. మూకుడు వెడల్పు ఎంత ఎక్కువైతే గాలి అంత తగులుతుంది, లోతైనది వాడండి. రాత్రి చల్లారాక గుడ్డలో వడకట్టి మూత పెట్టండి. ఇత్తడి, రాగి గరిటెలు దగ్గరికి రానివ్వకండి, రాగి తగిలిన నూనె చాలా త్వరగా ముక్కిపోతుంది.

పని అయిపోయిన నూనెను కాలువలో పోయకండి, ఇంకో బండివాడికి అంతకంటే అమ్మకండి. వాడిన నూనె సేకరించి బయోడీజిల్ చేసేవాళ్లు ఉన్నారు, దానికి రూకో అనే ప్రభుత్వ పథకమే ఉంది. పక్క హోటళ్లవాళ్లు ఇస్తున్నారేమో కనుక్కుని, మీ బండ్లవాళ్లు నలుగురు కలిసి ఇవ్వండి. హోటల్ వాడు తన పాత నూనె మీకు చవగ్గా ఇస్తానంటే మాత్రం ముఖం మీదే తలుపు వేయండి. బండికి తలుపుండదనుకోండి.

ప్రశ్న: విజయవాడలో మా అత్తగారు చేసే గారెలు చేతికి నూనె అంటవు. ఇక్కడ నేను చేస్తే నూనె కారుతుంటాయి. బెంగళూరు ఎత్తులో ఉండడం వల్లేమో అని మావారు అంటారు. తక్కువ నూనె పీల్చే నూనె ఏదైనా ఉందా?
– ఒక పాఠకురాలు, యెలహంక

జవాబు: మీవారు మీ పక్షాన వాదిస్తున్నారు, ఆ మాటకు మెచ్చుకోవాలి. ఈ ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, నీళ్లు వందకు మూడు డిగ్రీల ముందే మరుగుతాయి. కందిపప్పు ఉడకడంలో ఆ తేడా ఉంటుందేమో కానీ 175 డిగ్రీల నూనెలో మునిగిన గారెకు అది లెక్కలోకి రాదు.

గారె వేగుతున్నంత సేపూ దానిలోని నీరు ఆవిరై బయటికి తన్నుకొస్తుంది. చుట్టూ లేచే బుడగలు అవే. ఆ ఆవిరి తోసుకొస్తున్నప్పుడు నూనె లోపలికి పోలేదు. నూనె లోపలికి పోయేది ప్రధానంగా గారెను బయటికి తీశాక. చల్లబడగానే లోపలి ఆవిరి నీరవుతుంది, లోపల ఒత్తిడి పడిపోతుంది, పైన అంటుకున్న నూనెను గారె లోపలికి లాక్కుంటుంది. కాబట్టి తీసిన మొదటి నిమిషం చాలా ముఖ్యం. చిల్లుల గరిటెను మూకుడు మీదే, వేడి తగులుతుండగా, ఒకటి రెండు సార్లు గట్టిగా విదిలించండి. తరువాత జల్లెడ పళ్లెంలో నిలబెట్టినట్టు సర్దండి. వేడి గారెలు ఒకదాని మీద ఒకటి పోగు పెడితే పైవాటి నూనె కింది వాటికి దిగుతుంది. మీ అత్తగారు గరిటె విదిలించే తీరు ఈసారి వెళ్లినప్పుడు చూడండి.

మిగిలినది పిండిలో ఉంది. రుబ్బేటప్పుడు నీళ్లు ఎక్కువైతే ఆవిరి ఎక్కువ, అది పోయిన దారులు ఎక్కువ, ఆ దారుల్లో నూనె నిండుతుంది. వంట సోడా కూడా అదే పని చేస్తుంది, పిండి గుల్లబారి నూనె తాగుతుంది. జంతికల పిండిలో కాచిన నూనె పోస్తే గుల్లగా వస్తాయి కానీ కొవ్వు పెరుగుతుంది, ఆ సంగతి తెలిసే పోయండి. నూనె చల్లగా ఉంటే పైపొర కట్టడం ఆలస్యమవుతుంది, గారె మూకుట్లో ఎక్కువ సేపు నానుతుంది. చిటికెడు పిండి వేస్తే వెంటనే పైకి తేలాలి, అప్పుడే మొదలుపెట్టండి. ఒక వాయిలో ఎక్కువ వేస్తే నూనె వేడి పడిపోతుంది.

తక్కువ నూనె పీల్చే నూనె అని ప్యాకెట్ మీద రాసి ఉంటే, ఆ డబ్బుతో మంచి జల్లెడ పళ్లెం కొనుక్కోండి.

ప్రశ్న: ఎయిర్ ఫ్రయ్యర్‌లో మిరపకాయ బజ్జీ వేయవచ్చా?
– ఒక విద్యార్థి, జయనగర్

జవాబు: వేడి గాలి నూనెంత త్వరగా వేడిని అందించలేదు. జారుగా ఉన్న సెనగపిండి గట్టిపడేలోపే కింద జాలీలోకి కారిపోతుంది, పైన ఉడికిన మిరపకాయ మిగులుతుంది. అందులో బంగాళాదుంప ముక్కలు, అప్పడాలు, తెల్లవారి మెత్తబడ్డ సమోసాలు బాగా వస్తాయి. బజ్జీకి మూకుడే కావాలి. ఇద్దరికే అయితే చిన్న లోతు మూకుట్లో పావు లీటరు నూనె చాలు, వడకట్టి పెట్టుకుని నాలుగైదు రోజుల్లో పోపులకు వాడేయండి.